'కు' ప్రోటీను చరిత్రలో మోనోక్లోనల్ ప్రతిదేహాల పాత్ర (1981–2013)

వ్యాససంగ్రహం: 1981లో జపాను వైద్యులు రోగుల రక్తరసంలోని ప్రతిదేహాల ఆధారంగా గుర్తించిన 'కు' ప్రతిజనకం, తెగిన డి.ఎన్.ఏ. కొసలను అతికే వ్యవస్థలో కీలకమైన ప్రోటీనని రుజువు కావడానికి 13 సంవత్సరాలు పట్టింది. ఆ మధ్యకాలంలో పరిశోధనను ముందుకు నడిపినవాటిలో, ఆ ప్రోటీను పనిని గురించిన సిద్ధాంతాలకన్నా దాన్ని పట్టుకోగల ప్రతిదేహాల వాటా ఎక్కువ. అదే సాధనం కొన్ని సందర్భాల్లో పరిశోధకులను చిక్కులోకీ నెట్టింది. ఈ రెండు పార్శ్వాలనూ ఈ వ్యాసం కాలక్రమంలో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: మోనోక్లోనల్ ప్రతిదేహం, హైబ్రిడోమా, 'కు' ప్రోటీను, జంటపేటల తెగుదల, డి.ఎన్.ఏ. మరమ్మతు, అమినోప్టెరిన్.

1. పేరు వెనుక ఒక రోగి

డి.ఎన్.ఏ. మరమ్మతులో పాల్గొనే ప్రోటీన్లలో చాలావాటికి పేర్లు అవి చేసే పనిని బట్టో, అవి లోపించినప్పుడు కణంలో కనిపించే లక్షణాన్ని బట్టో వచ్చాయి. 'కు' అందుకు మినహాయింపు. టోక్యోలోని కెయో విశ్వవిద్యాలయానికి చెందిన త్సునెయో మిమోరి, ఆయన సహచరులు 1981లో 'జర్నల్ ఆఫ్ క్లినికల్ ఇన్వెస్టిగేషన్' పత్రికలో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. కండరాలు వాచిపోయే పాలీమయోసైటిస్, చర్మం బిరుసెక్కే స్క్లెరోడెర్మా అనే రెండు జబ్బుల లక్షణాలూ కలిసి ఉన్న రోగుల రక్తరసంలో, కణకేంద్రకంలోని ఒక ఆమ్లస్వభావపు ప్రోటీనును గుర్తించే ప్రతిదేహం ఉందన్నది ఆ పత్రం సారాంశం. ఏ రోగి రక్తరసంలో ఈ ప్రతిదేహం మొదట నమూనాగా నిలిచిందో ఆ రోగి పేరులోని తొలి రెండు రోమన్ అక్షరాలే ఆ ప్రతిజనకానికి పేరయ్యాయి. తెలుగులో రాస్తే అది ఒక్క అక్షరమే.

శరీరం తన సొంత పదార్థాన్నే పరాయిదిగా భావించి దానిపై ప్రతిదేహాలను తయారుచేసుకోవడం స్వయంప్రతిరక్షక వ్యాధుల లక్షణం. అటువంటి ప్రతిదేహాలు తాకే ప్రతిజనకాలకు రోగుల పేర్లలోని అక్షరాలు పెట్టే ఆచారం అప్పటికే స్థిరపడింది. 1966లో వెలుగు చూసిన 'ఎస్.ఎమ్.', ఆ తరువాత వచ్చిన 'రో', 'లా' ప్రతిజనకాలకు పేర్లు వచ్చిన దారి ఇదే. రోగి గోప్యతను కాపాడుతున్నట్టు కనిపిస్తూనే, ఆ వ్యక్తిని రెండక్షరాలకు కుదించి శాస్త్రగ్రంథాల్లో శాశ్వతం చేసిన పద్ధతి ఇది. తన పేరు అణుజీవశాస్త్రంలో ఇంత వాడుక పదమవుతుందని ఆ రోగి ఊహించి ఉండే అవకాశం లేదు.

ఆనాటి గుర్తింపు పద్ధతి ఎంతో సరళమైనది. అగార్ జెల్లులో గుంటలు చేసి, ఒకదానిలో రోగి రక్తరసం, దాని పక్కదానిలో కణజాల సారం పోసేవారు. రెండూ జెల్లులో వ్యాపించి కలుసుకున్నచోట ప్రతిదేహం, ప్రతిజనకం పేరుకొని తెల్లని గీతగా కనిపించేవి. ఒక పదార్థం ఉందని ఆ గీత చెప్పగలదు. అందులో ఎన్ని ప్రోటీన్లు ఉన్నాయో, అవి కణంలో ఏం చేస్తున్నాయో చెప్పలేదు.

అయినా ఆ రోజుల్లో రోగుల రక్తరసాన్ని తక్కువ అంచనా వేయడానికి వీలు లేదు. యేల్ విశ్వవిద్యాలయంలో జోన్ స్టైట్జ్, మైకేల్ లెర్నర్ 1979–80 మధ్య లూపస్ రోగుల రక్తరసాన్ని వాడి, ఆర్.ఎన్.ఏ. కత్తిరింపులో పాల్గొనే చిన్న ఆర్.ఎన్.ఏ.–ప్రోటీను రేణువులను వెలికితీశారు. రోగనిర్ధారణకు వాడే రక్తరసం జీవశాస్త్ర పరిశోధనకు పనిముట్టు కాగలదని ఆ పనితో తేలింది. మిమోరి తరువాత యేల్‌కు వెళ్ళి జాన్ హార్డిన్‌తోనూ స్టైట్జ్‌తోనూ కలిసి పనిచేయడం యాదృచ్ఛికమేమీ కాదు.

2. రక్తరసం నుంచి హైబ్రిడోమాకు

రక్తరసంతో వచ్చే ఇబ్బంది దాని మిశ్రమ స్వభావంలోనే ఉంది. ఒక రోగి రక్తంలో ఒకే ప్రోటీనుపై కూడా అనేక రకాల ప్రతిదేహాలు ఉంటాయి. ఒకటి ప్రోటీను తలభాగాన్ని పట్టుకుంటే మరొకటి తోకను పట్టుకుంటుంది. వాటితోపాటు వేరే ప్రోటీన్లను పట్టుకునేవీ ఉంటాయి. పైగా ఒకరి రక్తరసం ఉన్నంతవరకే ఉంటుంది. అది అయిపోతే అదే మిశ్రమం మళ్ళీ దొరకదు.

ఈ చిక్కుకు విరుగుడు 1975 ఆగస్టు 7న 'నేచర్' పత్రికలో వచ్చింది. కేంబ్రిడ్జిలోని అణుజీవశాస్త్ర ప్రయోగశాలలో జార్జెస్ కోలర్, సీజర్ మిల్‌స్టైన్ ఒక ఎలుకకు గొర్రె ఎర్రరక్తకణాలు ఎక్కించి, దాని ప్లీహంలోని ప్రతిదేహాలను తయారుచేసే కణాలను తీసి, ఆగకుండా విభజన చెందే ఎలుక మైలోమా క్యాన్సర్ కణాలతో సంలీనం చేశారు. సంకరకణానికి ఒక తల్లి నుంచి ప్రతిదేహం తయారుచేసే గుణం, మరొక తల్లి నుంచి చావులేని పెరుగుదల వచ్చాయి. ఒకే కణం నుంచి పెంచిన సంతతి అంతా ఒకే ప్రతిదేహాన్ని ఇస్తుంది. దానికే మోనోక్లోనల్ ప్రతిదేహమని పేరు. విశేషమేమంటే వారి లక్ష్యం పరిశోధన సాధనాన్ని తయారుచేయడం కాదు. ప్రతిదేహాల్లో ఇంత వైవిధ్యం ఎలా పుడుతుందన్నది వారి ప్రశ్న. ఆ పద్ధతికి పేటెంటు తీసుకోలేదు. 1984లో నీల్స్ యెర్నెతో కలిసి వారికి నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ పద్ధతిలో అసలు కిటుకు సంలీనంలో కన్నా వడపోతలో ఉంది. లక్షల కణాల మధ్య కొద్ది మాత్రమే సంకరమవుతాయి. సంకరం కాని ప్లీహకణాలు కొద్దిరోజుల్లో వాటంతటవే చచ్చిపోతాయి. కానీ సంకరం కాని మైలోమా కణాలు పాత్రంతా ఆక్రమిస్తాయి. వాటిని ఏరివేయడానికి వాడినది హైపోజాంథిన్, అమినోప్టెరిన్, థైమిడిన్ కలిపిన పెంపక ద్రవం. 1964లో జాన్ లిటిల్‌ఫీల్డ్ సంకరకణాల ఎంపికకు దీన్ని ప్రయోగించాడు. కణానికి డి.ఎన్.ఏ. ముడిసరుకు సంపాదించుకోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి కొత్తగా తయారుచేసుకోవడం, రెండవది పాత సరుకును తిరిగి వాడుకోవడం. మొదటి దారిని అమినోప్టెరిన్ మూసేస్తుంది. ఎంచుకున్న మైలోమా కణాల్లో రెండవ దారికి కావలసిన ఎంజైము ముందే లోపించి ఉంటుంది. అందుచేత అవి చస్తాయి. ప్లీహకణం నుంచి ఆ ఎంజైమును వారసత్వంగా పొందిన సంకరకణం మాత్రమే బతుకుతుంది.

తెలుగు పాఠకులకు ఇక్కడ ఆగవలసిన విషయం ఒకటుంది. అమినోప్టెరిన్ పుట్టినది న్యూయార్క్ రాష్ట్రంలో పెరల్ రివర్ వద్ద ఉన్న లెడర్లీ ప్రయోగశాలల్లో. అక్కడ పరిశోధనలకు సారథ్యం వహించినవాడు 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిన ఆ బృందంలోని సీగర్, స్మిత్, హల్ట్‌క్విస్ట్ 1947లో ఫోలిక్ ఆమ్లానికి ప్రతిరోధిగా పనిచేసే ఈ పదార్థాన్ని ప్రకటించారు. 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దీన్ని పిల్లల రక్తక్యాన్సరుకు వాడి తాత్కాలిక ఉపశమనం సాధించాడు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు మరణించాడు. సుబ్బారావును గురించిన తెలుగు రచనలు సాధారణంగా ఆయన మందుల దగ్గరే ఆగుతాయి. హైబ్రిడోమా పద్ధతికి ఆయన మూలపురుషుడంటే అది అతిశయోక్తి అవుతుంది. అయితే మోనోక్లోనల్ ప్రతిదేహాల తయారీ మొదలైన పాత్రలో ఆయన సారథ్యంలోని ప్రయోగశాల పదార్థం ఉందన్నది మాత్రం వాస్తవం.

3. డెబ్భై, ఎనభై

1985లో వెస్ట్లీ రీవ్స్ 'జర్నల్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంటల్ మెడిసిన్'లో ప్రచురించిన పని 'కు' చరిత్రలో మలుపు. స్వయంప్రతిరక్షక రోగుల రక్తరసం గుర్తించే, డి.ఎన్.ఏ.కు అంటుకునే ఒక ప్రోటీనును ఆయన మోనోక్లోనల్ ప్రతిదేహాలతో విశ్లేషించాడు. అందులో 70,000, 80,000 అణుభారం గల రెండు భాగాలు జతగా ఉన్నాయని తేలింది. ఇతర ప్రయోగశాలలు వేరే పేర్లతో వర్ణించిన ప్రతిజనకాలు కూడా ఈ జంటేనని కొద్దికాలంలో స్పష్టమైంది. నేడు వాటిని 'కు-70', 'కు-80' అంటున్నారు. రెండవదాని భారాన్ని కొందరు 86,000గా లెక్కించడంతో 'కు-86' అనే పేరూ వాడుకలో నిలిచింది.

రీవ్స్ ప్రయోగశాల నుంచి వెలువడిన ప్రతిదేహాలు అంకెలతోనే ప్రసిద్ధమయ్యాయి. వాటిలో ఎన్3హెచ్10 అన్నది 'కు-70'ను గుర్తిస్తుంది. 111, ఎస్10బి1 అన్నవి 'కు-80'ను గుర్తిస్తాయి. 162 అన్నదాని స్వభావం వేరు. రెండు భాగాలూ జతకూడి ఉన్నప్పుడు ఏర్పడే ఆకృతినే అది పట్టుకుంటుంది. జంట విడిపోతే దానికి పట్టు దొరకదు. రక్తరసంతో ఇటువంటి భేదం చేయడం సాధ్యం కాదు. విడి భాగమేదో, జంట ఏదో వేరుచేసి అడగగలిగిన ప్రశ్నలన్నీ ఈ ప్రతిదేహాలు చేతికొచ్చాకే వచ్చాయి. 1989లో రెండు భాగాల జన్యువుల క్రమాలు తెలిశాయి. ఆపై ఏ ప్రతిదేహం ప్రోటీనులో ఏ భాగాన్ని పట్టుకుంటుందో నిర్ణయించడానికి వీలు కలిగింది.

ఇంతలో 1986లో మిమోరి, హార్డిన్ ఒక చిత్రమైన సంగతి కనిపెట్టారు. 'కు' డి.ఎన్.ఏ.లో ఏదో ఒక ప్రత్యేక అక్షరక్రమాన్ని వెతకదు. దానికి కావలసింది కొస. కొసలు లేని వలయాకారపు డి.ఎన్.ఏ.ను అది దాదాపు పట్టించుకోదు. అదే వలయాన్ని ఒకచోట కోసి నిలువు దారంగా చేస్తే కొసల దగ్గర ఎక్కి లోపలికి జరుగుతుంది. ఒకదాని వెనుక ఒకటిగా దండకు గుచ్చిన పూసల్లా చేరుతుంది.

4. పని తెలియని ప్రోటీను

నేటి దృష్టితో చూస్తే కొసలు వెతికే ప్రోటీను మరమ్మతు కోసమే ఉందని వెంటనే తోచాలి. కానీ అప్పటి పరిశోధకులను తప్పుపట్టడం సరికాదు. కణకేంద్రకపు సారంలో డి.ఎన్.ఏ. ముక్క వేసి దానికి ఏది అంటుకుంటుందో చూడడం ఆనాటి జన్యునియంత్రణ పరిశోధనలకు ప్రధాన పద్ధతి. ప్రతి ముక్కకూ రెండు కొసలుంటాయి. మానవకణంలో 'కు' అణువులు లక్షల్లో ఉంటాయి. కాబట్టి ఎవరు ఏ జన్యువును పరిశీలించినా 'కు' వచ్చి అంటుకునేది. ఫలితంగా 1980ల చివర, 1990ల మొదట్లో ఇదే ప్రోటీను రకరకాల పేర్లతో, జన్యుప్రతిలేఖనానికి తోడ్పడే కారకంగా మళ్ళీ మళ్ళీ 'కొత్తగా' కనుగొన్నదయింది. వైరస్ డి.ఎన్.ఏ. ప్రతికృతిపై పనిచేసినవారికి కూడా ఇది ఎదురైంది. ఈ పేర్లన్నీ ఒకే ప్రోటీనువని తేల్చడంలో 'కు' ప్రతిదేహాలు సాక్షుల్లా ఉపకరించాయి.

మరొకవైపు నుంచి వేరే దారం వచ్చి కలిసింది. డి.ఎన్.ఏ. సమక్షంలో మాత్రమే పనిచేసే ఒక ఫాస్ఫేటు చేర్చే ఎంజైము 1985 నుంచి జీవరసాయనజ్ఞుల దృష్టిలో ఉంది. డైనన్ బృందం 1992లో, గాట్లీబ్, జాక్సన్ 1993లో ఆ ఎంజైముకు 'కు'తో ఉన్న సంబంధాన్ని స్పష్టం చేశారు. రెండవ పత్రం ప్రకారం ఎంజైము చురుకెక్కాలంటే డి.ఎన్.ఏ. కొసలూ 'కు' సహవాసమూ కావాలి. మరమ్మతు వైపు చూపు మళ్ళడానికి ఇది బలమైన సూచన. సూచనే తప్ప రుజువు కాదు.

5. 1994: సాక్ష్యం

రుజువు చిట్టెలుకజాతి చైనా హామ్‌స్టర్ కణాల నుంచి వచ్చింది. పెన్నీ జెగ్గో, లెస్లీ కెంప్ 1983లో ఎక్స్–కిరణాలకు తట్టుకోలేని కణవంశాలను వేరుచేసి వర్ణించారు. ఎక్స్–కిరణాలు డి.ఎన్.ఏ. రెండు పేటలనూ ఒకేచోట తెంచుతాయి. ఒక పేట తెగితే రెండవది ఆనవాలుగా మిగులుతుంది. రెండూ తెగితే క్రోమోజోమే ముక్కలవుతుంది. ఈ కణాల్లో ఆ తెగుదల అతకదు. ఏ జన్యువు చెడిందో పదేళ్ళపాటు తెలియలేదు. లోపాన్ని పూరించే మానవజన్యువు 2వ క్రోమోజోముపై ఉందని మాత్రం తేలింది. దానికి ఎక్స్.ఆర్.సి.సి.-5 అని పేరుపెట్టారు.

1994లో స్టాన్‌ఫర్డ్‌లో రాథ్మెల్, గిల్బర్ట్ చూ జరిపిన ప్రయోగంలో ప్రతిదేహం నేరుగా రంగంమీదికి వచ్చింది. మామూలు కణాల సారంలో రేడియోధార్మిక డి.ఎన్.ఏ. ముక్క వేసి జెల్లులో విద్యుత్తుతో నడిపిస్తే, కొసకు ప్రోటీను అంటుకున్న ముక్క నెమ్మదిగా కదిలి వేరే పట్టీగా కనిపిస్తుంది. లోపమున్న కణాల్లో ఆ పట్టీ లేదు. అంటే కొసను పట్టుకునే ఏదో ప్రోటీను వాటిలో లోపించింది. అదేమిటన్న ప్రశ్నకు 'కు'ను గుర్తించే ప్రతిదేహాలే జవాబిచ్చాయి. ఆ పట్టీలోని పదార్థాన్ని అవి గుర్తించాయి. గెట్స్, స్టమాటో కూడా అదే ఏడాది లోపమున్న కణాల్లో 'కు'ను పోలిన చర్య లేదని ప్రకటించారు. 'కు-80' జన్యువును ఆ కణాల్లో ప్రవేశపెట్టగా ఎక్స్–కిరణాలను తట్టుకునే శక్తి తిరిగి వచ్చిందని 'సైన్స్' పత్రికలో రెండు బృందాలు వేర్వేరుగా చూపాయి. ఎక్స్.ఆర్.సి.సి.-5 అంటే 'కు-80'యే.

ఆ పత్రాల్లోనే మరో సంగతి ఉంది. ప్రతిదేహాల జన్యువులు పుట్టుకతో సిద్ధంగా ఉండవు. రక్తకణం ఎదిగేటప్పుడు డి.ఎన్.ఏ. ముక్కలను కోసి, కొత్త వరుసలో అతికి వాటిని కూర్చుతుంది. వి-డి-జె పునస్సంయోజనమనే ఈ అతుకుకు కూడా 'కు' కావాలి. 1996లో 'కు-80' లేని ఎలుకలను తయారుచేసినప్పుడు వాటిలో ప్రౌఢ ప్రతిరక్షక కణాలు ఏర్పడలేదు. అంటే 'కు'పై ప్రతిదేహం తయారుచేసిన ఎలుక కణం, ఆ ప్రతిదేహపు జన్యువును కూర్చుకోవడానికి తన సొంత 'కు'ను వాడుకొని ఉండాలి. ప్రతిదేహాల వైవిధ్యాన్ని గురించి కోలర్, మిల్‌స్టైన్ వేసిన ప్రశ్నకు ఒక పాక్షిక సమాధానం, వారి పద్ధతితో పట్టుబడిన ప్రోటీనులో ఉండడం ఈ చరిత్రలోని విచిత్రం.

2001లో వాకర్, కార్పినా, గోల్డ్‌బర్గ్ 'కు' త్రిమితీయ నిర్మాణాన్ని ప్రకటించారు. 'కు-70', 'కు-80' కలిసి డి.ఎన్.ఏ. చుట్టూ కడియంలా అమరుతాయి. చేతికి కడియం కొసనుంచే తొడగగలం. వలయాకారపు డి.ఎన్.ఏ.ను 'కు' ఎందుకు పట్టించుకోలేదో, 1986 నాటి ఆ పరిశీలనకు కారణం దీనితో కంటికి కనిపించింది.

6. పొట్టి రూపం వివాదం

సాధనం ఎంత నిశితమైనదైనా అది చెప్పేది దాని పట్టు పరిధిలోనిదే. 1996లో ఒక బృందం హెచ్.ఎల్.-60 అనే మానవ రక్తక్యాన్సర్ కణవంశంలో 'కు-86'కు పొట్టి రూపం ఉందని ప్రకటించింది. ప్రోటీను తలవైపు పట్టే ఎస్10బి1 దాన్ని గుర్తించింది. తోకవైపు పట్టే 111 గుర్తించలేదు. అందుచేత తోక తెగిన రూపమని అనుమానం కలిగింది. ఈ రూపం డి.ఎన్.ఏ.ను పట్టే తీరు మారిందనీ, ఎంజైమును చురుకెక్కించే శక్తి తగ్గిందనీ ఆ పత్రం వాదించింది. మైలోమా రోగుల కణాల్లో కూడా ఇటువంటిదే కనిపించిందన్న నివేదికలు తరువాత వచ్చాయి. క్యాన్సర్ కణం మరమ్మతు శక్తిలో తేడా చికిత్సకు సంబంధించిన విషయం గనుక ఆసక్తి పెరిగింది.

తరువాతి పరిశోధనలు దీనికి వేరే వివరణ ముందుంచాయి. కొన్ని కణాల్లో 'కు-86' తోకను కొరికే సెరీన్ ప్రోటియేజు ఉంది. కణాలను చిదిపి సారం తీసే సమయంలో ఆ ఎంజైము బయటపడి పని మొదలుపెట్టగలదు. తగిన నిరోధకాలు వేసినా, కణాలను నేరుగా డిటర్జెంటులో మరిగించినా చిత్రం మారిపోతుంది. ప్రతిదేహాలు రెండూ అబద్ధం చెప్పలేదు. తమ ముందుకు వచ్చిన ప్రోటీనులో తల ఉందనీ తోక లేదనీ సరిగానే చెప్పాయి. ఆ తోక బతికున్న కణంలో తెగిందా, పరీక్షనాళికలో తెగిందా అన్నది వాటిని అడగకూడని ప్రశ్న. మైలోమా కణాల విషయంలో సహజమైన రూపభేదం కూడా ఉందని 2008లో సైతం వాదన వచ్చింది. కాబట్టి వివాదం ఒక్క దెబ్బతో ముగిసిందని చెప్పలేము. అయితే ఒకే ప్రతిదేహంతో పనిచేసి ఉంటే ఈ వివాదమే పుట్టేది కాదు, తేడా ఎవరి కంటా పడేది కాదు. చరిత్రకారుడికి ముఖ్యమైన అంశం ఇదే.

'మోనోక్లోనల్' అనే మాటపై ఉన్న నమ్మకం కూడా పరీక్షకు గురైంది. 2015లో బ్రాడ్‌బరీ, ప్లుక్తున్, మరి 110 మంది శాస్త్రజ్ఞులు పరిశోధనలో వాడే ప్రతిదేహాలను వాటి జన్యుక్రమం ఆధారంగా నిర్వచించాలని 'నేచర్'లో కోరారు. 2018లో 185 హైబ్రిడోమాలను పరీక్షించగా 59 వాటిలో, అంటే దాదాపు మూడోవంతులో, అదనపు ప్రతిదేహ గొలుసుల జన్యువులు వెల్లడయ్యాయి. ఒకే కణసంతతి ఒకే ప్రతిదేహాన్నిస్తుందన్న 1975 నాటి సూత్రం ఆచరణలో అన్నివేళలా నిలవలేదన్నమాట.

7. కనబడని మచ్చ

1990ల చివరలో తెగుదలలను సూక్ష్మదర్శినిలో చూసే పద్ధతి వచ్చింది. తెగినచోట హెచ్2ఏఎక్స్ అనే హిస్టోను ప్రోటీనుకు ఫాస్ఫేటు చేరుతుందని బానర్ ప్రయోగశాలలో రొగాకూ 1998లో చూపింది. ఆ రూపాన్నే పట్టుకునే ప్రతిదేహంతో మరుసటి ఏడాది తెగుదలలు చుక్కలుగా కనిపించాయి. ప్రతి తెగుదల చుట్టూ వందల వేల హిస్టోను అణువులు మారడమే ఆ చుక్క మెరవడానికి కారణం.

'కు' పరిస్థితి దీనికి పూర్తిగా భిన్నం. కొసకు చేరేది ఒకటి, మహా అయితే కొన్ని అణువులు. మిగిలిన లక్షల అణువులు కేంద్రకమంతా నిండి ఉంటాయి. ప్రతిదేహం వేస్తే కేంద్రకమంతా వెలిగిపోతుంది. తెగినచోటు అందులో కలిసిపోతుంది. తెగుదల దగ్గరికి అందరికన్నా ముందు చేరేవాటిలో ఒకటైన ప్రోటీనును, దాని ప్రతిదేహాలు చేతికొచ్చి పాతికేళ్ళు దాటినా, అక్కడ ఉండగా చూడలేకపోయారు.

2013లో కేంబ్రిడ్జిలో బ్రిటన్, కోట్స్, జాక్సన్ దీనికి దారి చూపారు. ప్రతిదేహాన్ని వారు మార్చలేదు, దాని చుట్టూ ఉన్న పరిస్థితిని మార్చారు. 'కు' డి.ఎన్.ఏ. కొసలనే కాక ఆర్.ఎన్.ఏ.ను కూడా పట్టుకొని ఉంటుంది. డిటర్జెంటుతో కడిగినా కేంద్రకంలో మిగిలిపోతున్న 'కు'లో పెద్దభాగం ఆర్.ఎన్.ఏ.ను అంటుకున్నదే. కణాలను స్థిరీకరించే ముందు డిటర్జెంటుతోపాటు ఆర్.ఎన్.ఏ.ను కరిగించే ఎంజైమును వాడగా, కొసలకు కడియంలా తొడుక్కున్న 'కు' మాత్రం మిగిలింది. అధిక స్పష్టత గల సూక్ష్మదర్శినిలో ప్రతిదేహం చిన్న చిన్న చుక్కలను చూపింది. ఒక్కొక్క చుక్క ఒక్కొక్క తెగుదల. కొన్నిచోట్ల రెండు చుక్కలు జంటగా, తెగిన రెండు కొసల్లా, పక్కపక్కనే కనిపించాయి.